మోగని పళ్ళు

పెద్దాయన బ్రష్షులు కడిగేశాడు.

కడిగి ఊరుకుంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఒక్కొక్కటే తుడిచి, కుచ్చు కొనలు వేళ్ళతో సవరించి, పాత తువ్వాలులో వరసగా పేర్చి చుట్టేశాడు. పైన తాడు కూడా కట్టాడు. నలభై ఏళ్ళుగా ఈ ఇంటి ముందు గదిలో పింగాణీ పళ్ళు చేస్తున్న మనిషి, పొద్దున్న తొమ్మిదింటికి బల్ల ముందు కూర్చోకుండా బ్రష్షులు మూటగడుతున్నాడంటే దానికి అర్థం అడగక్కర్లేదు.

అయినా భార్య అడిగింది. ఆవిడ అడక్కుండా ఉండే మనిషి కాదు.

"ఏమిటా మూట?"

"నాకిక వీటితో పని లేదు."

"ఎవరు చెప్పారు?"

ఆయన గోడకి తగిలించిన ఏప్రను తీసి దాన్ని కూడా మడత పెట్టాడు.

చెప్పింది ఎవరో గదిలో ఉన్న నలుగురికీ తెలుసు. చెప్పినవాడు కిటికీ దగ్గర నిలబడి స్కూటరు తాళాలు ఆడిస్తున్నాడు. ఆయన కొడుకే. క్లినిక్కుల నుంచి నోటి అచ్చులు తేవడం, తయారైన పళ్ళు తీసుకెళ్ళి ఇవ్వడం అతని పని. ఆ మధ్యలో మాట్లాడటం కూడా. కన్నతల్లే అతన్ని రేడియో అంటుంది.

నాలుగో మనిషి కోడలు. పళ్ళు కాల్చే ఫర్నేసు ముందు స్టూలు మీద కూర్చుని ఖాళీ ట్రేని తుడిచిందే తుడుస్తోంది.

"నేనేం అనకూడని మాట అనలేదమ్మా," అన్నాడు రేడియో. "నిన్న సాయంత్రం డాక్టరు ఫోను చేసి నిప్పులు కక్కాడు. ఆ బస్సు కండక్టరు నోట్లో మనం చేసిన పళ్ళ బ్రిడ్జి విరిగింది. ముక్క ఊపిరిగొట్టంలోకి పోయింది. మనిషి ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. ఎలా జరిగిందని అడిగితే ఏదో ఒకటి చెప్పాలా వద్దా?"

"ఏదో ఒకటి అంటే మీ నాన్నకి చెవుడని చెప్పాలా?"

"చెవుడనలేదు. ఈ మధ్య కాస్త తక్కువ వినబడుతోందన్నాను."

"చెవుడంటే అదే కదరా. సరిగ్గా వినబడకపోతే దాన్ని ఇంకేమంటారు?"

పళ్ళకీ చెవులకీ ఏం సంబంధమని కొత్తవాళ్ళకి అనిపిస్తుంది. ఈ ఇంట్లో ఉంది. ఫర్నేసులోంచి వచ్చిన ప్రతి పన్నునీ పెద్దాయన సాయంత్రం పూట పట్టుదారానికి వేలాడదీస్తాడు. చెవి దగ్గరగా పెట్టుకుని స్టీలు కడ్డీతో చిన్నగా తడతాడు. బాగా కాలిన పన్ను సన్నగా, చాలాసేపు మోగుతుంది. లోపల కంటికి కనబడని పగులుంటే టక్కుమని ఊరుకుంటుంది. అలా ఊరుకున్నదాన్ని ఆయన సుత్తితో పగలగొట్టి బుట్టలో పడేసి, మళ్ళీ మొదటి నుంచి చేస్తాడు. ఊళ్ళో వేరే ల్యాబుల్లో మిషన్లున్నాయి. ఇక్కడ ఆయన చెవి ఉంది. డాక్టర్లు ఇక్కడికి పంపేది దానికోసమే.

ఆ చెవి పాడైందని కొడుకు చెప్పాడు. ఒక్క డాక్టరుకి చెప్పి ఊరుకున్నా బాగుండేది.

"మిగతా క్లినిక్కులకి కూడా మెసేజీ పెట్టాను," అన్నాడు ఇప్పుడు, కాస్త గొంతు తగ్గించి. "ఇక మీదట నాన్న పరీక్ష చెయ్యరు, వేరే ఏర్పాటు చేస్తున్నామని. అలా చెబితేనే పని నిలబడుతుంది. లేకపోతే ల్యాబు మూసుకోవాలి. నేను ఇంటి కోసమే కదా చేశాను?"

పెద్దాయన మడత పెట్టిన ఏప్రను మూట మీద పెట్టాడు.

"మంచి పని చేశావు," అన్నాడు. అంతకంటే ఒక తిట్టు తిట్టినా కొడుక్కి హాయిగా ఉండేది.

ఫర్నేసు దగ్గర కోడలి చెయ్యి ఆగింది. మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

నిన్న సాయంత్రం నుంచి ఆ పిల్ల పచ్చి మంచినీళ్ళు కూడా సరిగ్గా మింగలేదు. కండక్టరుని ఆమె ఎరుగును. కూతుర్ని బడికి తీసుకెళ్ళే బస్సు ఆయనదే. 'ముందుకి జరగాలి, ముందంతా ఖాళీ' అని, ఖాళీ లేని బస్సులో అరిచే గొంతు. పాపని చూస్తే 'టీచరుగారు వచ్చారు, లేవండి లేవండి' అని సీటిప్పించే మనిషి. ఇప్పుడా గొంతులో గొట్టం పెట్టారు. మధ్యాహ్నం ఇంకో గొట్టం వేసి ముక్క తీస్తారట. తీసేలోపు ఊపిరితిత్తి ముడుచుకుపోయే ప్రమాదం ఉందట.

ఆ ముక్క ఎందుకు విరిగిందో ఈ లోకంలో ఆమె ఒక్కదానికే తెలుసు.

పోయిన గురువారం. అత్తమామలు ఎవరినో పరామర్శించడానికి వెళ్ళారు. భర్త క్లినిక్కుల చుట్టూ తిరుగుతున్నాడు. ఫర్నేసులో పన్నెండు పళ్ళ ట్రే ఉంది. కాలడం అయిపోయింది, తలుపు మూసే ఉంది, లోపల చల్లారుతోంది. ఇంకో ట్రే బల్ల మీద తడిపింగాణీతో ఎదురుచూస్తోంది. అప్పుడు బడి నుంచి ఫోను. పాపకి జ్వరం, రెండుసార్లు వాంతి అయింది, వెంటనే రండి అని.

మిషను దాని మానాన అది చల్లార్చుకునేది. ఆమె వదిలేసి వెళ్ళిపోవచ్చు. కానీ వెళ్ళి వచ్చేసరికి రెండు గంటలు. అంతసేపు బల్ల మీదుంటే రెండో ట్రే ఎండి బీటలిస్తుంది, పొద్దుటి నుంచి మామగారు వంగి వంగి చేసిన పని బూడిదలో పోసినట్టవుతుంది. ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. మీట నొక్కి తలుపు తెరిచింది. ఎర్రటి ట్రేని పటకారుతో తీసి నల్లరాతి బల్ల మీద పెట్టింది. రెండోది లోపల పెట్టి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరుగెత్తింది.

ఫ్యాను తిరుగుతూనే ఉంది. కిటికీలోంచి వానగాలి కొడుతోంది. ఎర్రగా కాలిన పింగాణీకి చల్లగాలి తగిలితే లోపల పగులుతుందని గుర్తొచ్చింది బస్సెక్కాక.

తిరిగొచ్చి భూతద్దంతో చూసింది. ఒక్క గీత లేదు. తళతళలాడుతున్నాయి. సాయంత్రం మామగారు మోగించి చూస్తారు కదా, ఏదైనా ఉంటే ఆయనే పట్టుకుంటారు, అప్పుడు చెబుదాం అనుకుంది. ఆయన మోగించి చూశారు. పన్నెండింటినీ డబ్బాల్లో పెట్టేశారు. ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

నిన్నటిదాకా ఆ ప్రాణం అలాగే ఉంది.

"టీ చల్లారిపోతోంది," అంది అత్తగారు, ఎవరినీ ఉద్దేశించకుండా. "తాగేవాళ్ళు తాగండి. మూటలు కట్టేవాళ్ళు తాగి కట్టుకోండి."

ఎవరూ కదల్లేదు. ఆవిడే పళ్ళెంలో నాలుగు రస్కులు తెచ్చి బల్ల చివర కూర్చుంది. కోపం వస్తే ఆవిడకి ఆకలేస్తుంది, అది ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే.

"మీ నాన్న నలభై ఏళ్ళలో ఎన్ని పళ్ళు కట్టారో లెక్క లేదు," అంది కొడుకుతో. "ఒక్కటి. ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు. ఇవాళ ఒకటి వచ్చేసరికి, నువ్వు ఆయన్ని తీసుకెళ్ళి మూల కూర్చోబెట్టావు."

"ఆ ఒక్కటీ మనిషి ఊపిరితిత్తిలో ఉందమ్మా."

"ఉంటే? చెవిదే తప్పని నీకెవరు చెప్పారు?"

"ఇంకేమయ్యుంటుంది చెప్పు. పింగాణీ పిండి అదే, ఫర్నేసు అదే, చేతులవే. మారిందల్లా ఆయన వినికిడే. టీవీ సౌండు చూశావా? పక్కింటివాళ్ళు కూడా మన టీవీయే చూస్తున్నారు. నెల నుంచి నేను చెబుతూనే ఉన్నాను."

"చెబుతూనే ఉన్నావు. టీవీ సౌండు పెంచేది నేనురా. నోట్లో నువ్వుగింజ నానదు నీకు."

పెద్దాయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. వీపు మాత్రం కనబడుతోంది. ఆ వీపు ఒక్కరోజులో ఇంత వంగుతుందని కోడలు అనుకోలేదు. చెప్పెయ్యాలి అనుకుంది. చెబితే ఏమవుతుంది? కండక్టరుకి ఏదన్నా అయితే అది నేను చేసిందే అవుతుంది. పోలీసులొస్తారా? పాప బడిలో ఏమంటారు? చెప్పకపోతే ఏమవుతుంది? ఒక ముసలాయన బ్రష్షులు కడుగుతాడు. అంతే కదా. అంతేనా?

అత్తగారు రస్కు అందుకుని, టీలో ముంచకుండానే కుడిపక్కన పెట్టుకుని కొరికింది. కరకరమంది.

"అత్తయ్యా, ఆ పక్కన నమలకండి."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని కోడలికి వచ్చాక తెలిసింది.

అత్తగారు నమలడం ఆపింది. బుగ్గ ఉబ్బెత్తుగా ఉంది.

"ఎందుకే?"

"కాదు... గట్టిగా ఉంటుంది కదా అని."

"రస్కు గట్టిగా ఉంటుందని నాకిప్పుడు చెబుతున్నావా?"

"అత్తయ్యా, దయచేసి ఉమ్మెయ్యండి."

అత్తగారి పైదవడలో కుడివైపు పన్ను కొత్తది. మొన్న ఆదివారమే పెట్టించుకుంది. ఇంటివాళ్ళ పని ఎప్పుడూ వెనకపడుతుందని మూడు నెలలు సణిగితే, చివరికి గురువారం ట్రేలో ఒక మూల చోటు దొరికింది. కండక్టరు బ్రిడ్జి పక్కనే.

ఆవిడ చేతిలోకి ఉమ్మి, ఆ ముద్దని చూసింది. తర్వాత కోడలి మొహం చూసింది. ఆవిడకి చదువు తక్కువ గానీ మొహాలు చదవడంలో ఎవరికీ తీసిపోదు.

"నువ్వేం చేశావు?"

కోడలు స్టూలు మీంచి లేచింది. లేవకపోతే చెప్పలేననిపించింది. మామగారి వీపుతోనే చెప్పింది.

"మామయ్యా, మీ చెవి తప్పు కాదు. నాదే. గురువారం ట్రే చల్లారక ముందే తీసేశాను. పాపకి బాగోలేదని ఫోనొస్తే, రెండో ట్రే ఎండిపోతుందని... తీసి రాతి మీద పెట్టాను. కిటికీ కూడా తెరిచుంది. మీరు పట్టుకుంటారులే అనుకున్నాను. మీరు ఏమీ అనకపోయేసరికి బాగానే ఉన్నాయనుకున్నాను. నిన్న ఫోనొచ్చిన దగ్గర్నుంచి చెబుదామనే చూస్తున్నాను. భయమేసింది. నాకు చాలా భయమేసింది."

రేడియో చేతిలో తాళాలు కిందపడితే తీసుకోలేదు.

పెద్దాయన మెల్లగా ఇటు తిరిగాడు.

"ఎంతసేపు ముందు?"

"ఇరవై రెండు నిమిషాలు. మిషను మీద చూశాను."

"ఇరవై రెండు," అన్నాడు ఆయన. కళ్ళు మూసుకున్నాడు. ఆ ట్రే ఎంత వేడి మీద బయటికొచ్చిందో ఆయనకి లెక్క కట్టక్కర్లేదు.

"నిన్నంతా ఆయన్ని చూస్తూనే ఉన్నావా?" అంది అత్తగారు. గొంతు పెద్దది చెయ్యలేదు. "రాత్రి అన్నం ముందు కూర్చుని ముద్ద కలపకుండా లేచి వెళ్ళిపోయారు. చూశావుగా. ఇందాక బ్రష్షులు కడుగుతుంటే చూశావుగా. పంపు తిప్పింది నువ్వే కదే."

అది నిజమే. నీళ్ళు సన్నగా వస్తుంటే లేచి వెళ్ళి పంపు బాగా తిప్పింది తనే. కోడలికి తల తీసేసినట్టయింది. కన్నీళ్ళు రాలేదు. వస్తే కాస్త తేలికయ్యేది.

"నాతోనైనా చెప్పాల్సింది," అన్నాడు భర్త.

"చెబితే ఏం చేసేవారు?"

ఏం చేసేవాడో అతనికీ తెలుసు. ఊరంతటికీ మెసేజీ పెట్టేవాడు.

"పోనీలే," అన్నాడు, కిందపడ్డ తాళాలు ఏరుకుంటూ. "అయిందేదో అయింది. ఒకటి పగిలింది. మిగతావి నాన్న చూశారు కదా. నాన్న బాగున్నాయన్నవే కదా పంపించాం. ఇప్పుడు గగ్గోలు పెట్టుకోవద్దు. ఆ కండక్టరుకి తగ్గితే చాలు."

పెద్దాయన కళ్ళు తెరిచాడు.

"నాకు వినబడింది," అన్నాడు.

"ఏమిటి నాన్నా?"

"ఆవేళ సాయంత్రం. మొదటిది తట్టాను. మోగలేదు. పక్కన పెట్టి రెండోది తట్టాను. అదీ మోగలేదు. మూడోదీ అంతే." ఆయన ఒక్కొక్క మాటా బల్ల మీద పెడుతున్నట్టు చెబుతున్నాడు. "పన్నెండూ తట్టాను. మళ్ళీ మొదటి నుంచి తట్టాను. ఒక్కటంటే ఒక్కటి మోగలేదు."



"మరి ఎందుకు పంపారు?" అంది భార్య.

"ఒకటి మోగకపోతే పన్నుది తప్పు. పన్నెండూ మోగకపోతే? నలభై ఏళ్ళలో ఒక ట్రే మొత్తం మూగబోవడం నేను చూడలేదు. వీడేమో నెల నుంచి నాకు చెవుడు చెవుడని పోరుతున్నాడు. చెవే పోయిందనుకున్నాను. ఆవేళే నువ్వు నూనె పోశావు, గుర్తుందా?"

"పోశాను. వెచ్చబెట్టి పోయమన్నారు."

"మర్నాడు ఇంకో ట్రే తట్టాను. అన్నీ గంటల్లా మోగాయి. నూనె పనిచేసిందని సంబరపడ్డాను. అప్పటికే ఆ పన్నెండూ పొద్దున్నే వీడు పట్టుకెళ్ళిపోయాడు."

ఆయన నవ్వబోయాడు. అది నవ్వులా రాలేదు.

"నా చెవి బాగానే ఉందే," అన్నాడు భార్యతో, ఆ సంగతి చెప్పడానికి సిగ్గుపడుతున్నట్టు. "నేనే దాన్ని నమ్మలేదు."

ఇది విని సంతోషించాల్సిన ఇల్లే. పెద్దాయన చెవి తిరిగొచ్చింది, నింద తప్పింది. కానీ నలుగురూ ఒకే లెక్కలో పడ్డారు. ఒకటి ఆస్పత్రిలో ఉంది. ఒకటి ఈ గదిలోనే ఉంది, అత్తగారు నాలుకతో దాన్ని తడుముకుంటోంది. ఇంకా పది ఉన్నాయి. అవి ఎవరెవరి నోళ్ళలోనో, ఈ క్షణాన ఏదో ఒకటి నములుతున్నాయి.

కోడలే ముందు కదిలింది. అలమారులోంచి గురువారం కార్డుల కట్ట తీసింది. ప్రతి పన్నుకీ ఒక కార్డు. ఏ డాక్టరు, ఏ దవడ, ఎన్నో పన్ను, ఏ రంగు. కార్డులు క్లినిక్కుల వారీగా పేర్చింది. ఏడు వేరే రెండు క్లినిక్కులవి. ఐదు నిన్న ఫోను చేసిన డాక్టరువే. ఆ ఐదులో కండక్టరుది, అత్తగారిది పోగా మూడు.

"ఫోను చెయ్యి," అన్నాడు పెద్దాయన కొడుకుతో.

"చేసి ఏమని చెప్పను?"

"నిజం చెప్పు. ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటావుగా, ఇవాళ నిజం మాట్లాడు."

"నాన్నా, ల్యాబు ఉండదు ఇక."

"మనుషులుంటారు."

రేడియో ముందు మిగతా రెండు క్లినిక్కులకీ చేశాడు. ఒకచోట రిసెప్షన్ అమ్మాయి ఎత్తి డాక్టరుగారు పేషెంటుతో ఉన్నారు, చెబుతానంది. రెండోచోట ఎత్తలేదు. అతని చొక్కా వీపు మీద తడిసిపోయింది. మూడోసారి ఈ డాక్టరుకి చేసి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాడు.

"చెప్పండి," అన్నాడు డాక్టరు. అలిసిపోయిన గొంతు. "నేను ఆస్పత్రికే బయల్దేరుతున్నాను."

"కండక్టరు ఎలా ఉన్నారండీ?"

"అలాగే ఉన్నాడు. పన్నెండింటికి లోపలికి తీసుకెళ్తారు. వాళ్ళావిడ నా కాళ్ళ మీద పడినంత పనిచేసింది. ఆయన ఏదో నములుతూ నవ్వాడట, అంతే. విషయం చెప్పండి."

"డాక్టరుగారూ, ఆ రోజు ట్రేలో మొత్తం పన్నెండు పళ్ళున్నాయి. పన్నెండిటికీ పగులుండే అవకాశం ఉంది. మీ దగ్గర ఇంకా మూడున్నాయి. వాళ్ళని పిలిచి తీసెయ్యాలి."

"ఎవరన్నారు?"

"మా నాన్నగారు. ఆవేళ మోగించినప్పుడు ఒక్కటీ మోగలేదట."

డాక్టరు మాటలు చాలా మర్యాదగా వచ్చాయి.

"నిన్న సాయంత్రం మీరే కదా చెప్పారు, ఆయనకి వినబడటం లేదని."

"చెప్పానండీ, కానీ..."

"వినబడని మనిషికి మోగలేదంటే అర్థమేమిటి? ఆయనకి ఏదీ మోగదు. ఆయన్ని బాధపెట్టాలని అనడం లేదు, పెద్దాయన మీద నాకు గౌరవముంది. అలాగని ఆయన చెవిని పట్టుకుని ముగ్గురు పేషెంట్లని పిలిచి, మీ నోట్లో ఉన్నది ఎప్పుడు పగులుతుందో తెలీదని ఎలా చెప్పను? ఒక కేసుతోనే తల బద్దలవుతోంది. రేపు మాట్లాడదాం."

నిన్న ఇల్లు నిలబెట్టడానికి అల్లిన మాట ఇవాళ దారికడ్డంగా నిలబడింది. రేడియో తండ్రి వైపు చూశాడు. తండ్రి బల్ల వైపు చూస్తున్నాడు.

"పెట్టేస్తున్నానండీ," అన్నాడు డాక్టరు.

కోడలు ఫోను ముందుకి వంగింది.

"పెట్టకండి డాక్టరుగారూ. నేను కోడల్ని. ఫర్నేసు దగ్గర పని చేసేది నేనే. ఆ ట్రేని ఇరవై రెండు నిమిషాలు ముందే నేను తీశాను. చల్లగాలికి రాతి మీద పెట్టాను. మామయ్యకి బాగా వినబడుతుంది. ఆయన చెవి సంగతి మేం అబద్ధం చెప్పాం. నేను చేసింది మాత్రం అబద్ధం కాదు. మిషనులో ఆ రోజు టైము రికార్డయి ఉంది, వచ్చి చూసుకోండి. నా మీద ఎవరికి చెప్పుకుంటారో చెప్పుకోండి. ముందు ఆ ముగ్గురినీ పిలిపించండి."

బయటివాళ్ళతో ఇంత పొడుగు మాట ఆమె ఈ ఇంట్లో అడుగుపెట్టాక మాట్లాడలేదు. అత్తగారు స్టూలు ఇటు జరిపింది. జరిపింది గానీ, కూర్చోమని అనలేదు.

అవతల కుర్చీ లాగిన చప్పుడైంది. డాక్టరు మళ్ళీ కూర్చున్నట్టున్నాడు.

"కార్డులు మీ దగ్గరున్నాయా?"

"ఉన్నాయండీ."

"చదవండి."

"కింది దవడ, ఎడమవైపు, చివరి నుంచి రెండోది. పెద్దవయసు మగమనిషి."

"ఆయనకి ఇంకా పెట్టలేదు. డబ్బాలోనే ఉంది. తర్వాత?"

ఆ డబ్బాలో ఉన్న ఒక్క పన్ను కోసం గదిలో నలుగురూ ఊపిరి పీల్చుకున్నారు.

"పైదవడ, కుడివైపు కోరపన్ను. డ్రైవరు అని రాశారు."

"పెట్టాను. శనివారం వస్తానన్నాడు. ఇప్పుడే పిలుస్తాను. మూడోది?"

"పైదవడ, ముందు పన్ను. ఎడమది. కార్డు మీద మీరే రాశారు, కుట్టుపని చేస్తుంది, నోటితో దారం కొరుకుతుంది, అంచు గట్టిగా ఉండాలని."

డాక్టరు మాట్లాడలేదు.

"డాక్టరుగారూ?"

"ఆవిడ పొద్దున్న ఎనిమిదింటికి ఫోను చేసింది," అన్నాడు. మాటలు పొడిపొడిగా వస్తున్నాయి. "దారం కొరుకుతుంటే పన్ను అంచు ఊడిందట. ముక్క ఎక్కడా కనబడలేదంది. గొంతులో ఏదో గీసుకున్నట్టుందంది. నేను ఆస్పత్రి హడావిడిలో ఉన్నాను. మింగేసి ఉంటావులే, భయపడకు, నీళ్ళు తాగి పడుకో అన్నాను."

కోడలు కార్డు బల్ల మీద పెట్టేసింది.

"ఇంట్లో ఒక్కతే ఉంటుంది," అన్నాడు డాక్టరు. "లైన్లో ఉండండి. ఇంకో ఫోన్లోంచి స్పీకరు పెట్టి చేస్తాను."

నంబరు నొక్కుతున్న చప్పుడు. తర్వాత దూరంగా, సన్నగా, రింగు. ఒకటి. రెండు. బల్ల చుట్టూ నలుగురూ వంగారు. అత్తగారు కోడలి మోచెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందో ఇద్దరికీ తెలీలేదు. ఐదు. ఆరు.

రింగు ఆగిపోయింది.

"ఎత్తలేదు," అన్నాడు డాక్టరు. "కట్టయినట్టుంది. మళ్ళీ చేస్తాను."

"ఆగండి," అన్నాడు పెద్దాయన.

బల్ల మీదికి పూర్తిగా వంగి, చెవి ఫోనుకి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. ఫ్యాను ఆపమని చేత్తో సైగ చేశాడు. కొడుకు పరుగెత్తి స్విచ్చు నొక్కాడు. రెక్కలు ఆగేదాకా ఎవరూ ఊపిరి తీయలేదు. కోడలికి ఏమీ వినబడలేదు. డాక్టరుకీ ఏమీ వినబడినట్టు లేదు, 'హలో, హలో' అంటున్నాడు.

"హలో అనకండి డాక్టరుగారూ, ఉండండి," అన్నాడు పెద్దాయన. "లైను కట్టవ్వలేదు. ఎత్తింది. మాట్లాడలేకపోతోంది. ఊపిరి ఈల వేస్తోంది."